తెరమీది లోలకము

ఒక మీటరు పొడవుగల దారమునకు చిన్న రాయి కట్టి, ద్వారబంధమునుండి వ్రేలాడదీసి, కొంచెము ప్రక్కకు లాగి వదలినచో, అది 20 డోలనములను సుమారు 40 సెకండ్లలో పూర్తిచేయును. అదే పరిమాణముగల ఇనుపగుండును కట్టినను ఈ కాలము మారదు. దీనిని ఏ పాఠశాలలోనైనను ఖర్చులేకుండ చూపవచ్చును. కాని ఇదే లోలకము చంద్రునిపై ఎట్లు ఊగునని విద్యార్థి అడిగినచో, ఉపాధ్యాయుడు నల్లబల్లపై సూత్రము వ్రాయవలసినదే, కంటికి చూపలేడు.

ఇట్టి చోట అక్కరకు వచ్చునది "ఫెట్" అను ఉచిత సాధనము. 2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఒకరైన కార్ల్ వీమన్, ఆ బహుమాన ధనములో కొంత వెచ్చించి, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున దీనిని ప్రారంభించెను. ఇందలి ప్రయోగములు కంప్యూటరు తెరపై నడచును. విద్యార్థి తానే పొడవును, ద్రవ్యరాశిని, గురుత్వమును మార్చి ఫలితము చూడవచ్చును.

లోలకపు ప్రయోగమునే తీసికొందము. ఒక మీటరు లోలకమునకు భూమిపై ఆవర్తనకాలము 2 సెకండ్లు. గురుత్వమును చంద్రునికి మార్చినచో అది బద్ధకముగా ఊగి, ఒక్క డోలనమునకే దాదాపు 5 సెకండ్లు తీసికొనును. బృహస్పతికి మార్చినచో 1.3 సెకండ్లు కూడ పట్టదు. అయితే మీట జరుపుటకు ముందే, "వేగము పెరుగునా, తగ్గునా? ఎందువలన?" అని అడిగి, ప్రతి విద్యార్థి చేతను జవాబు వ్రాయింపవలెను. ఊహ తప్పినవానికే ఆ తెర ఎక్కువ నేర్పును. ఊహింపక చూచినవానికి అది బొమ్మలాటయే!

అందులో "ఎక్స్" అను కల్పిత గ్రహము కూడ కలదు. దాని గురుత్వమెంతో తెరపై చెప్పరు. మీటర్లలో పొడవును 39.5 చేత గుణించి, ఆవర్తనకాలపు వర్గముచే భాగించినచో గురుత్వ త్వరణము లభించును. ముందుగా భూమికి కట్టి చూడుడు: 39.5ను 4తో భాగించిన సుమారు 9.9 వచ్చును గదా. ఇక "ఎక్స్" గ్రహమును విద్యార్థులకే వదలివేయవచ్చును.

తెరమీది లోలకమున ఘర్షణను పూర్తిగా తీసివేసిన, అది ఆగకుండ ఊగుచునే యుండును. ద్వారబంధమునకు కట్టిన రాయి అట్లు చేయదు. గాలి అడ్డగించును, దారము మెలిపడును, లెక్కలో ఒక డోలనము జారిపోవును. కొలతలో పొరపాటు ఎట్లు వచ్చునో ఆ రాయియే నేర్పవలెను. కావున దానిని మూలకు త్రోయరాదు. రెండింటి ఫలితములను ప్రక్కప్రక్కన వ్రాయించుట మేలు.

విద్యుద్వలయముల ప్రయోగమున మరింత జాగ్రత్త అవసరము. అందులో ఎలక్ట్రానులు నీలిరంగు గుండ్లవలె తీగలో పరుగిడుచుండును. నిజమునకు ఎలక్ట్రానునకు రంగు లేదు; సాధారణమైన రాగితీగలో వాని సగటు కదలిక సెకండునకు ఒక మిల్లీమీటరైనను ఉండదు. ఈ మాట చెప్పకున్నచో బొమ్మయే సత్యమై నిలిచిపోవును. కాని ఘటము రెండు కొనలను వట్టి తీగతో కలిపిన, తెరపై మంటలు లేచును. ఆ పాఠమును ఎవరి చేయియు కాలకుండ నేర్పవచ్చుటయే దాని సౌకర్యము.

అంతర్జాలము నిలకడగా లేని ఊళ్ళలోను దీనికి ఆటంకము లేదు. ప్రయోగమును ఒకసారి దించుకొని భద్రపరచుకొన్నచో, పిమ్మట ఆ సంబంధము లేకుండనే నడచును. తరగతికి ఒకే కంప్యూటరున్నను చాలును. మీటను మాత్రము ఉపాధ్యాయుడు జరుపక, వంతులవారీగా విద్యార్థుల చేతికే ఈయవలెను.