వానలో పాతబస్తీ టూర్.. ముందు మూసీ సంగతి చూసుకోండి, ఆ తర్వాతే చార్మినార్!

వర్షాకాలంలో ఆదివారం వచ్చిందంటే చాలామందికి ఒకటే డౌట్.. వాన పడుతుంటే పాతబస్తీకి వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. కాకపోతే ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో తెలిసుండాలి. పైకప్పు ఉన్న చోట్లు ముందు, ఆరుబయట తిరిగేవి వాన తెరిపిచ్చాక.. ఇదీ లెక్క.

మూసీ ఎలా ఉంది?

బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలతో పాటు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారో లేదో కూడా తెలుసుకోండి. సిటీలో చినుకు లేకపోయినా ఎగువన దంచికొడితే ఆ నీళ్లన్నీ మూసీలోకే వస్తాయి. 2025 సెప్టెంబర్ చివరి వారంలో వరద ఏకంగా ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చేసింది. ప్రయాణికులు చిక్కుకుపోయారు. అసలు ఈ రెండు జలాశయాలు కట్టిందే 1908 సెప్టెంబర్ 28 నాటి మహా వరద తర్వాత. గేట్లు ఎత్తారని తెలిసినా, రెడ్ అలర్ట్ ఉన్నా ఆ రోజుకి టూర్ మానుకోవడమే మంచిది.

పొద్దున మ్యూజియం.. మధ్యాహ్నం బిర్యానీ

మామూలు వానే అయితే ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి, ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన 'ముసుగు రెబెక్కా' ఇక్కడే ఉంది. పల్చటి ముసుగు కూడా పాలరాయే అంటే దగ్గరికెళ్లి చూసేదాకా నమ్మబుద్ధి కాదు. మ్యూజికల్ గడియారంలో గంటగంటకీ ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. 12 గంటలు కొట్టేటప్పుడు చూడాలని జనం ముందే వచ్చి కూర్చుంటారు. శుక్రవారం మాత్రం సెలవు.

అక్కడి నుంచి మదీనా సెంటర్ దగ్గరే. షాదాబ్ లాంటి హోటళ్లలో వేడివేడి బిర్యానీ తినేసరికి వాన కాస్త తగ్గొచ్చు.

తగ్గకపోయినా పత్తర్‌గట్టి ఉంది

రాతి కమాన్ల కింద వరండాలున్న బజారు ఇది. తడవకుండా షాపులు చూసుకుంటూ నడవొచ్చు. 1908 వరద తర్వాత నగరాన్ని బాగుచేసేందుకు 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేపట్టిన నిర్మాణాల్లో ఇదొకటి. ముత్యాల దుకాణాలు ఇక్కడే ఎక్కువ. కొంటే బిల్లు తప్పకుండా తీసుకోండి.

చార్మినార్ దగ్గర జాగ్రత్త

గుల్జార్ హౌజ్ దాటితే ఎదురుగా చార్మినార్. 1591లో కట్టిన ఈ కట్టడం పైకి వెళ్లాలంటే ఇరుకైన మెలికల మెట్లు ఎక్కాలి. తడి చెప్పులతో జారే ప్రమాదం ఉంది, పిల్లలుంటే వాన రోజు ఎక్కకపోవడమే నయం. ఇంకో మాట.. 2019 మేలో ఓ మినార్ నుంచి సున్నపు గచ్చు పెచ్చు ఊడి కిందపడింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏం కాలేదు. వాన పడుతోంది కదా అని మినార్ల కింద గోడవారగా నిలబడకండి.

గాజులు.. ఇరానీ చాయ్

పక్కనే లాడ్ బజార్. లక్కను వేడి చేసి, గుండ్రంగా చుట్టి, రాళ్లు ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. ఈ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. షాపుల వాళ్లకు పైకప్పు ఉంది సరే, తోపుడు బండ్ల వాళ్లకు ఉండేది టార్పాలిన్ పట్టా ఒక్కటే. వాన పడితే బోణీ కూడా కష్టమే. బేరం ఆడండి, కానీ వాళ్ల రోజు కూలి కూడా గుర్తుపెట్టుకోండి.

చివరగా నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. కప్పు చేతిలో పట్టుకుని వానలో తడుస్తున్న చార్మినార్‌ను చూడొచ్చు.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోండి. నీళ్లు నిలిచిన చోట కింద మ్యాన్‌హోల్ ఉండొచ్చు, అందులో అడుగు పెట్టొద్దు. కరెంటు స్తంభాలను అస్సలు ముట్టుకోవద్దు.