ఇంగితము, ఆకారము, అభిప్రాయము

మానవుడు నోరు విప్పకమునుపే అతని దేహము మాటలాడ నారంభించును. నడక, నిలుకడ, చూపు, కట్టుబొట్టు, చేతుల కదలిక యివన్నియు ఎదుటివారికి ఏదో యొకటి తెలుపుచునే యుండును. ‘ఇంగితము తెలిసినవాడు’ అనుట తెలుగున గొప్ప ప్రశంస. ‘ఇంగితము లేనివాడు’ అనుట తీవ్రమైన నింద. చెప్పని మాటను గ్రహింపగల నేర్పును మనవారు ఎంత గౌరవించిరో ఈ రెండు పలుకులే చాటుచున్నవి. అయితే ఆ నేర్పును ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజు తన ఆలోచనలను రహస్యముగ నుంచుకొను విధమును చెప్పుచు, సహజప్రవర్తనకు భిన్నమైన చేష్టను ఇంగిత మనియు, దేహమునందు కానవచ్చు మార్పును ఆకార మనియు వేఱుపఱచెను. నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగ విభజించెను. వీనిలో మాటకు సంబంధించినది వాచిక మొక్కటియే. కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ తెరపై జడను వేయగనే, ముఖము కనబడకమునుపే ఆమె అతిశయము ప్రేక్షకులకు బోధపడును.

పాశ్చాత్యులును ఈ విషయమును పరిశోధించిరి. భావములు ముఖమున వ్యక్తమగు తీరును గూర్చి డార్విన్ 1872లో గ్రంథము ప్రకటించెను. సైన్యాధికారులు తమ క్రిందివారి గుణములను అంచనా వేసిన పట్టికలను థార్న్‌డైక్ అను మనస్తత్త్వవేత్త పరిశీలించి 1920లో ఒక సత్యమును వెల్లడించెను. దేహదార్ఢ్యము, తెలివి, నాయకత్వము, శీలము వేఱువేఱు గుణములైనను, ఒకదానిలో మంచివాడని తోచినవానికి తక్కినవానిలోను మంచి అంచనాయే లభించుచుండెను. 2006లో విలిస్, తోడరోవ్ అనువారు జరిపిన పరిశోధనలో, అపరిచితుని ముఖమును సెకనులో పదవ వంతు చూచినంతనే జనులు అతని విశ్వసనీయతను గూర్చి అభిప్రాయ మేర్పఱచుకొనిరి. ఎక్కువసేపు చూచినప్పుడు ఆ అభిప్రాయము అంతగా మాఱలేదు. దానిపై వారి నమ్మకము మాత్రము హెచ్చెను.

దేహమును, వేషమును ఉద్దేశపూర్వకముగ వినియోగించి గొప్ప సందేశము నందించినవారు గలరు. 1921 సెప్టెంబరు 22వ తేదీన గాంధీమహాత్ముడు మధురలో కొల్లాయి ధరించి, బీదవారితో తన ఏకత్వమును చాటెను. 1928లో సైమన్ కమిషను బహిష్కరణ సందర్భమున మదరాసులో టంగుటూరి ప్రకాశంపంతులుగారు తుపాకుల యెదుట రొమ్ము చూపి నిలిచిరి. ఆయన ఆనాడు పలికిన మాటలకంటె ఆ నిలుకడయే ఆంధ్రుల హృదయములలో నిలిచినది.

కాని ఆకారము మనుష్యుడు కోరి ధరించినది కానప్పుడు ఏమగును? దీనికి సమాధానము మన ధర్మపురి ప్రాంతముననే గలదు. దేశభక్తుడు సుబ్రహ్మణ్య శివ 1908లో వ. ఉ. చిదంబరం పిళ్ళెతోపాటు నిర్బంధింపబడి, కారాగారమున కుష్ఠువ్యాధికి లోనయ్యెను. విడుదలైన పిదప, అంటువ్యాధి గలదను కారణమున ఆయనకు రైలు ప్రయాణము నిషేధింపబడెను. ఆయన వెనుదీయక కాలినడకను ఊరూర తిరిగి స్వాతంత్ర్య సందేశమును వినిపించెను. తుదకు పాపారపట్టిలో 1925 జూలై 23వ తేదీన దివంగతుడయ్యెను. చర్మముపైని మచ్చలను మాత్రమే చూచినవానికి ఆయన రోగి. ప్రసంగమును విన్నవానికి ఆయన వీరుడు. మనిషి యొక్కడే, చూచిన తీరులు రెండు.

నేడు ఆ వ్యాధిని గూర్చిన జ్ఞానము పెరిగినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సచే అది పూర్తిగ నయమగుచున్నది. రోగులను వేఱుపఱచిన 1898 నాటి చట్టము 2016లో రద్దయినది. చట్టమును ఒక దినమున మార్చవచ్చును. చూపును మార్చుటకు తరములు పట్టును. నయమైన పిదపను వేళ్ళ వంకరను చూచి దూరముగ జరుగువారు గలరు.

తెలుగు, తమిళము, కన్నడము కలిసి వినబడు ఈ సీమలో ఈ విషయమునకు మఱింత ప్రాముఖ్యము గలదు. భాష తెలియనిచోట చిరునవ్వు, నమస్కారము, తలయూపు భారమంతయు మోయును. సంతలో బేరమాడునపుడు, కార్యాలయమున అర్జీ నిచ్చునపుడు, పిల్లకు సంబంధము చూచునపుడు మనమును పరుల చూపునకు గుఱియగుచున్నాము. కావున శుభ్రమైన వస్త్రము, నిదానమైన చూపు, వినయముతో గూడిన నిలుకడ అలవఱచుకొనుట ఉచితమే. అయితే యితరులను అంచనా వేయునపుడు మొదటి చూపు చెప్పినదానిని తీర్పుగ గాక ప్రశ్నగ గ్రహింపవలెను. పదిమాటలు విని, నడవడి చూచి, పిదపనే నిర్ణయింపవలెను. ఇంగితమెఱుగుట యనగా ఎదుటివానిని త్వరగ తూచుట గాదు. అతడు చెప్పలేకపోయిన దానిని ఓపికతో గ్రహించుట.