పంది పిల్లల దాణాలో సూక్ష్మ ఖనిజాల ఆవశ్యకత

నంద్యాల జిల్లా డోన్ పరిసరాల ఎర్ర నేలలలో తిరిగే నాటు పంది పిల్లలు మట్టిని పెళ్లగించి తింటూ కొంత ఇనుమును పొందుతాయి. సిమెంటు గచ్చుపై పెంచే సీమపంది, సంకరజాతి పిల్లలకు ఈ అవకాశం లేదు. వీటికి ఎదుగుదల వేగం కూడా ఎక్కువ. కాబట్టి పెంపక విధానం మారినపుడు ఖనిజ పోషణ కూడా మారవలసి ఉంటుంది.

ఇనుము

పిల్ల పుట్టినపుడు దాని శరీరంలో సుమారు 50 మి.గ్రా. ఇనుము ఉంటుంది. రోజుకు కనీసం 7 మి.గ్రా. అవసరం కాగా తల్లిపాల నుండి లభించేది దాదాపు 1 మి.గ్రా. మాత్రమే. ఈ లెక్కన నిల్వలు వారం, పది రోజులలో తరిగిపోయి, పిల్లలు పాలిపోవుట, ఆయాసపడుట, ఎదుగుదల కుంటుపడుట వంటి రక్తహీనత లక్షణాలు కనిపిస్తాయి. తల్లికి ఇనుము అధికంగా మేపినా పాలలో దాని పరిమాణం చెప్పుకోదగినంతగా పెరగదు. అందువలన పుట్టిన మూడు రోజులలోపు 200 మి.గ్రా. ఇనుమును ఐరన్ డెక్స్‌ట్రాన్ రూపంలో మెడ కండరానికి పశువైద్యుల సలహాపై ఇవ్వాలి.

జింకు

జింకు లోపించిన పిల్లలలో మేత తగ్గి, పొట్ట, తొడలు, కాళ్లపై చర్మం గట్టిపడి, పగిలి, పెచ్చులు కడుతుంది. దీనిని పెరాకెరటోసిస్ అంటారు. జింకుతో దీనిని నివారించవచ్చని 1955లో టక్కర్, సాల్మన్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. తవుడు, మొక్కజొన్న, నూనె చెక్కలలోని ఫైటేటు జింకును బంధించి ఉంచుతుంది. కాల్షియం ఎక్కువైతే ఈ బంధం మరింత బలపడుతుంది. డోన్, బేతంచెర్ల ప్రాంతంలో సున్నపురాయి విస్తారంగా లభిస్తుంది. చౌకగా దొరికినదని దాని పొడిని కొలత లేకుండా దాణాలో కలిపితే, జింకు ఉన్నప్పటికీ పిల్లకు అందదు. పాలు మాన్పించిన పిల్లల దాణాలో కాల్షియం సుమారు 0.8 శాతానికి పరిమితం కావాలి.

క్షేత్రస్థాయిలో ఈ వ్యాధిని గజ్జిగా పొరబడే అవకాశం ఉంది. గజ్జిలో దురద తీవ్రంగా ఉంటుంది. జింకు లోపంలో దురద అంతగా ఉండదు, మచ్చలు శరీరానికి రెండు వైపులా ఒకే తీరుగా ఏర్పడతాయి. చర్మం గీకి పరీక్షించిన పిదపనే గజ్జి మందు వాడుట మంచిది.

పరిమాణాలు

5–11 కిలోల పిల్లలకు కిలో దాణాలో ఉండవలసినవి: ఇనుము 100, జింకు 100, రాగి 6, మాంగనీసు 4, సెలీనియం 0.3, అయోడిన్ 0.14 మి.గ్రా. ఉదాహరణకు 100 కిలోల దాణాకు 10 గ్రా. జింకు కావాలి. స్ఫటిక జింకు సల్ఫేటులో సుమారు 22 శాతం జింకు ఉంటుంది కనుక, దాదాపు 45 గ్రా. సరిపోతుంది. ఖనిజ లవణ మిశ్రమం వాడుతున్నపుడు అందులోని జింకును ఈ లెక్క నుండి తీసివేయాలి. ఇంత స్వల్ప పరిమాణం సమంగా కలియుటకు ముందుగా ఒక కిలో తవుడులో కలిపి, తరువాత మొత్తం దాణాలో కలపాలి.

మోతాదు మించరాదు

సెలీనియం అవసరానికీ విషానికీ మధ్య వ్యవధి స్వల్పం. కిలో దాణాలో 5 మి.గ్రా. దాటితే విషలక్షణాలు కలుగవచ్చు. విరేచనాల నివారణకై జింకు ఆక్సైడును అధిక మోతాదులో వాడే పద్ధతిని పర్యావరణ కారణాలతో ఐరోపా సమాఖ్య 2022 జూన్ నుండి నిలిపివేసింది. పేడ ద్వారా జింకు పొలాలలో పేరుకొనుటయే ఇందుకు ముఖ్య హేతువు. కావున విస్తరణ శాస్త్రవేత్తలు ఖనిజాలు కలపమని చెప్పుటతో ఆగక, దాణాలోని కాల్షియంను, మిశ్రమపు సంచిపై ముద్రించిన పరిమాణాలను పరిశీలించి, తూచి కలుపు విధానాన్ని రైతుకు చేసి చూపవలెను.