పాత కారుకు కొత్త ఏసీ కంప్రెసర్: మార్చే ముందు ఏం చూడాలి?

ఈ ఎపిసోడ్ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పాత కార్లు నడిపేవాళ్ల కోసం. మే నెలలో మన పాలమూరు ఎండ 42, 43 డిగ్రీలకు పోతుంది. ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాలకు పేషెంట్‌నో, పసిపిల్లనో తీసుకెళ్లేవాళ్లకు ఏసీ సోకు కాదు, అవసరం. కూలింగ్ తగ్గిందనగానే చాలామంది "కంప్రెసర్ పోయింది, పెద్దది వేయిద్దాం" అనుకుంటారు. డబ్బు పెట్టేముందు ఒక్కసారి గేజ్ పెట్టించండి.

ఏసీ నడుస్తుండగా లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ చూపిస్తే కంప్రెసర్ అరిగిందని అనుమానించాలి. రెండూ తక్కువైతే గ్యాస్ లీక్ అయి ఉండొచ్చు. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ పట్టించారు, లేదంటే కండెన్సర్‌కు గాలి చాలట్లేదు. హైవే మీద చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగితే వేడిగాలి వస్తుందా? ముందు ఫ్యాన్, కండెన్సర్ చూడండి.

ఎందుకంటే కారు లోపలి వేడిని బయటికి వదిలేది కండెన్సరే. బయట 43 డిగ్రీలుంటే అందులో గ్యాస్ 60 డిగ్రీల దాకా వేడెక్కితేనే ద్రవంగా మారుతుంది. అప్పుడు హై సైడ్ ప్రెషర్ దాదాపు 230 పీఎస్ఐ. కండెన్సర్ దుమ్ముతో నిండిపోయి ఉంటే ఎంత పెద్ద కంప్రెసర్ వేసినా ప్రెషర్ పెరుగుతుందే తప్ప చల్లదనం పెరగదు. పైగా మారుతి 800 లాంటి 796 సీసీ బండిలో కంప్రెసర్ సైజు పెంచితే ఆ భారం ఇంజిన్ మీదే పడుతుంది. పికప్ తగ్గుతుంది, ట్రాఫిక్‌లో ఇంజిన్ హీట్ అవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. 1990ల నాటి చాలా కార్లలో ఆర్-12 గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని దాన్ని ఆపేశారు, ఇప్పుడు ఆర్-134ఎ వాడుతున్నాం. ఆర్-12తో మినరల్ ఆయిల్ నడిచేది. ఆర్-134ఎ దాంతో కలవదు. ఆయిల్ గ్యాస్‌తో పాటు తిరిగి రాకపోతే కొత్త కంప్రెసర్ కూడా జామ్ అవుతుంది. అందుకే కంప్రెసర్ కంపెనీ చెప్పిన ఆయిల్, చెప్పిన కొలతే పోయాలి. పాత ఓ-రింగులు, హోసులు కూడా మార్చాలి, లేదంటే గ్యాస్ మెల్లగా పోతూనే ఉంటుంది.

పాత కంప్రెసర్ జామ్ అయి పోయిందా? అయితే దాని ఇనుప పొడి పైపుల్లో ఉంటుంది. లైన్లు ఫ్లష్ చేయాలి, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కొత్తవి వేయాలి. సన్న గొట్టాల కండెన్సర్ అయితే లోపల పూర్తిగా శుభ్రం కాదు, మార్చడమే మేలు. బిగించేటప్పుడు కొత్త కంప్రెసర్ పుల్లీ, ఇంజిన్ పుల్లీ ఒకే లైన్‌లో ఉన్నాయా చూసుకోండి. వంకర ఉంటే బెల్టు తెగుతుంది. ఆ తర్వాత కనీసం అరగంట వ్యాక్యూమ్ పట్టి, అది నిలబడుతుందో లేదో చూసి, గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి.

చివరగా ఒకటి. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా వంటగ్యాస్ ఎక్కిస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు. కూలింగ్ కాయిల్ ఉండేది డాష్‌బోర్డు లోపల. అక్కడ లీకైతే మండే గ్యాస్ మీరు కూర్చున్న చోటే నిండుతుంది.

కాబట్టి వరస గుర్తుపెట్టుకోండి: ముందు గేజ్, తర్వాత ఫ్యాన్, కండెన్సర్, ఆఖర్న కంప్రెసర్. ఎండలు ముదరకముందే చూపించుకోండి.