తోరణం దాటితే సెలంగోర్

జూన్ సెలవుల్లో సింగపూర్ నుండి బస్సులో కౌలాలంపూర్ వెళ్ళాను. మరునాడు పొద్దున్నే టాక్సీలో పక్కనున్న సెలంగోర్ రాష్ట్రానికి బయలుదేరాను.

ఫెడరల్ హైవే మీద ఒక పెద్ద తోరణం కనిపించింది. దాని పేరు కోట దారుల్ ఎహ్సాన్. ఒకప్పుడు కౌలాలంపూర్ కూడా సెలంగోర్‌లోనే ఉండేది. 1974 ఫిబ్రవరి 1న విడిపోయింది. అందుకు గుర్తుగా సరిహద్దులో ఈ తోరణం కట్టారు.

తోరణం దాటితే పెటాలింగ్ జయ, ఆ తరువాత సుబాంగ్ జయ. ఎటు చూసినా ఎత్తైన ఇళ్ళు, దుకాణాలు. సుబాంగ్ జయ ఉన్నచోట పూర్వం సీఫీల్డ్ అనే రబ్బరు తోట ఉండేది. మా అమ్మమ్మ కూడా సెలంగోర్‌లో ఒక రబ్బరు తోటలోనే పుట్టింది. ఏ తోటో నేను ఎప్పుడూ అడగలేదు.

అదే రోడ్డు క్లాంగ్ దాకా వెళుతుంది. అక్కడ ఒక హోటల్లో ఇడ్లీ తింటుంటే, పక్క బల్ల దగ్గర ఒక ముసలామె తెలుగులో మాట్లాడుతోంది. నేను నమస్కారం పెట్టాను.

"ఏ ఊరోలమ్మా మీరు?" అంది.

"సింగపూర్ అండీ."

ఆమె నవ్వింది. "అది కాదమ్మా, మీ తాతలది ఏ ఊరు?"

గుడి తరగతిలో 'ఊరు, ఊళ్ళు' అని ఎన్నోసార్లు రాశాను. ఆమెకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి రాగానే మా పెద్దమ్మను అడిగాను. ఆమెకు 84 ఏళ్ళు. ఊరి పేరు గుర్తు లేదంది. తోట పేరు మాత్రం చెప్పింది. వెంటనే రాసుకున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారా? ఈ వారమే అడగండి.