మూత్రపిండమునకు వెలుపల పుట్టు మూత్రపిండపు కంతి

పసిబిడ్డల మూత్రపిండములలో పుట్టు ఒక క్యాన్సరు కంతిని విల్మ్స్ కంతి యందురు. జర్మను శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్స్ 1899లో దీనిని విపులముగా వర్ణించెను. ఇది ఎక్కువగా అయిదేండ్లలోపు బిడ్డలకు వచ్చును. మిక్కిలి అరుదుగా ఇదే కంతి మూత్రపిండమును విడిచి, వెన్నెముక ప్రక్కనో, గజ్జలోనో పుట్టును. అప్పుడు మూత్రపిండములు రెండును బాగుగనే యుండును.

ఇదెట్లు సాధ్యము? తల్లి గర్భమున మూత్రపిండము రూపొందునపుడు కొన్ని కణములు వేరొకచోట చిక్కి మిగిలిపోవుననియు, అవియే పిదప కంతిగా పెరుగుననియు వైద్యులు తలంచుచున్నారు. నారుమడిలో చల్లిన విత్తులలో గట్టుపై పడిన గింజ అచ్చటనే మొలచుట మనము చూచునదే. గ్రహణదోషము దీనికి కారణము కాదు.

కంతి తొలుత నొప్పి పెట్టదు. నీళ్లుపోయు తల్లి చేతికి గట్టిగా తగులును. దానిని బల్ల యని పొట్ట పిసికించుట, వాతలు పెట్టించుట కొన్ని యూళ్లలో కలదు. ఇది మాన్పింపవలెనని సభ్యులను ముఖ్యముగా కోరుచున్నాము. పిసికినచో కంతి పగిలి రోగము కడుపంతట వ్యాపింపవచ్చును. స్కానింగులో మూత్రపిండములు బాగున్నవని తేలినను నిశ్చింత కూడదు. కంతి ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని దాని జాతి తెలియదు.

చికిత్స శస్త్రక్రియ, మందులు, కొందరికి రేడియేషను. మందులలో విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్లగన్నేరునుండి తీసినదే. అట్లని ఆకు నమిలించిన విషమగును! వైద్యవసతులు హెచ్చుగాగల దేశములలో మూత్రపిండపు విల్మ్స్ కంతిగల బిడ్డలు నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. వెలుపలి కంతికిని చికిత్స ఇట్టిదే. బిడ్డ పొట్టలో గడ్డ తగిలినచో ఆ వారముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటినుండి పెద్దాసుపత్రికి పంపించునది.