మొదటి జింక వేటకి ఏ తుపాకీ?

మన దివిసీమలో ఈ ప్రశ్నకి జవాబు ఒక్కటే: ఏదీ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నా అంతే. కృష్ణజింకైతే షెడ్యూల్ 1లో ఉంది, పైగా మన రాష్ట్ర జంతువు.

కానీ మచిలీపట్నం, గుడివాడ నుంచి ఎంఎస్‌కి టెక్సాస్ వెళ్ళిన అన్నయ్యలకి ఇది నిజం ప్రశ్నే. అక్కడ తెల్లతోక జింకని సీజన్‌లో, లైసెన్సుతో వేటాడొచ్చు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు మామూలుగా హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే ఫెడరల్ నేరం. కాబట్టి ముందు కాగితాలు, తర్వాతే తుపాకీ.

కొత్తవాళ్ళకి ఎక్కువమంది చెప్పేది .243 విన్‌చెస్టర్. కారణం మన ఫిజిక్సే. బుల్లెట్ ముందుకి ఎంత మొమెంటమ్‌తో పోతే తుపాకీ అంతకు తగ్గకుండా వెనక్కి తంతుంది. .308 బుల్లెట్ సుమారు 9.7 గ్రాములు, .243ది 6.5. తుపాకీ మరీ తేలికైతే తన్ను పెరుగుతుంది, అదీ చూసుకోవాలి.

తన్నుకి భయపడితే ట్రిగ్గర్ నొక్కకముందే భుజం బిగుస్తుంది, గురి తప్పుతుంది. గుండెకి తగలాల్సింది పొట్టలో తగిలితే ఆ జింక గంటల తరబడి విలవిల్లాడి చస్తుంది. పెద్ద తుపాకీ కంటే గురి కుదిరే తుపాకీ మేలనేది అందుకే.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: ఎంత దూరం నుంచి పేపర్ ప్లేటుని ప్రతిసారీ కొట్టగలరో, జింక మీద కాల్చడానికి మీ హద్దు అంతే.